సంచి మిగిలితే ఆగి చూసే మనిషి

1990 సెప్టెంబరు 3వ తేదీ సోమవారం ఉదయం, ఏలూరు నుంచి వచ్చిన ప్యాసింజరు దిగి, తాడేపల్లిగూడెం స్టేషను నుంచి నడిచి వచ్చి, మన కళాశాల జంతుశాస్త్ర శాఖలో ఉపన్యాసకురాలిగా ఆండాళ్ళు గారు విధుల్లో చేరారు. ఆనాటి ప్రిన్సిపాల్ గారు ఆమె నియామకపు ఉత్తర్వు చూసి, నుదుటి మీది నిలువు బొట్టు చూసి, మళ్ళీ ఉత్తర్వు చూశారట.

"అమ్మా, మీరు అర్చకుల ఇంటి ఆడపడుచు. ఇక్కడ చేపలు కొయ్యాలండి మరి."

"కొయ్యడానికే వచ్చానండి. తినమని ఆర్డరులో లేదు కదా?"

ప్రిన్సిపాల్ గారు సంతకం పెట్టేశారు. ఆ సంతకంతో మొదలైన సేవ ఈ నెలాఖరుతో ముగుస్తున్నది. ఇన్నేళ్ళలో వేల మంది విద్యార్థులకు చేపను పరిచయం చేసి, దాని రుచి మాత్రం ఎరగకుండానే పదవీ విరమణ చేస్తున్న ఆచార్యురాలు బహుశా ఈ రెండు జిల్లాల్లో ఆమె ఒక్కరే.

భీమడోలులో అర్చకత్వం చేసుకునే శ్రీరామమూర్తి గారి పెద్ద కుమార్తెగా జన్మించి, కష్టపడి చదివి, విశ్వవిద్యాలయంలో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులై వచ్చిన ఆండాళ్ళు గారు, పాఠ్యపుస్తకం ఎక్కడ ఆగిపోతుందో అక్కడ నుంచి పాఠం మొదలుపెట్టేవారు. ఆమె చేరిన నాటికే కొల్లేటి చుట్టూ వరిచేలు చేపల చెరువులుగా మారుతున్నాయి. గణపవరం వైపు బస్సెక్కితే కిటికీకి ఇటూ అటూ నీళ్ళే. ఆ నీళ్ళ దగ్గరకు ఆమె తరగతి గదిని తీసుకువెళ్ళారు. చెప్పులు విప్పి, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపి, గట్టు దిగి నీళ్ళు పట్టి చూపించేవారు. మొదట్లో రైతులు నవ్వుకున్నారు. తరువాత సీసాల్లో నీళ్ళు పట్టుకుని మన ప్రయోగశాల గుమ్మం దగ్గర వరుసలో నిలబడ్డారు. ఆక్వాకల్చర్ కోర్సు మన కళాశాలకు వచ్చిందంటే ఆ వరుసను చూపించి ఆమె రాసిన అర్జీల వల్లనే. మధ్యలో బదిలీ మీద కొన్నేళ్ళు వేరే జిల్లాకు వెళ్ళినా, తిరిగి వచ్చాక శాఖాధిపతిగా ఆ కోర్సును నిలబెట్టారు. ఇన్‌ఛార్జ్ ప్రిన్సిపాల్ పదవి ఇస్తామంటే మాత్రం చేతులు జోడించారు.

"నన్ను గదిలో కూర్చోబెడితే వరండా ఎవరు చూస్తారండి?"

ఈ వరండా సంగతి చెప్పాలి. చెప్పాలంటే ముందు సంచి సంగతి చెప్పాలి.

మన వైపు చెరువుల్లో తవుడూ వేరుశనగ చెక్కా కలిపిన మేతను చిల్లుల సంచుల్లో నింపి, నీళ్ళలో పాతిన గెడలకు కడతారు. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర పొడుచుకు తింటాయి. పూట గడిచాక పడవ మీద వెళ్ళి సంచులు ఎత్తి చూస్తారు. ఖాళీగా ఉంటే చెరువు ఆరోగ్యంగా ఉన్నట్టు. బరువుగా తగిలితే పడవలోంచే గట్టు మీదికి కేక పడుతుంది: "సంచి మిగిలిందండోయ్!" ఇక ఆ రైతుకు అన్నం సహించదు. నీళ్ళు చెడ్డాయా, గాలి చాల్లేదా, జబ్బు దిగిందా తేలేదాకా గట్టు వదలడు.

చేపల వ్యాధుల మీద ఆండాళ్ళు గారి మొదటి పాఠం ఎప్పుడూ ఇదే. "చేప నొప్పి చెప్పదు. మేత మానేస్తుంది. మచ్చా, పుండూ తరువాతి మాట. ముందు సంచి మిగులుతుంది."

ఆ పాఠాన్ని ఆమె నల్లబల్ల దగ్గర వదిలేయలేదు. మధ్యాహ్నం పిల్లలు వరండాలో బాక్సులు విప్పుకునే వేళ, తన క్యారియరు పక్కన పెట్టి ఆ చివర నుంచి ఈ చివరకు ఒకసారి నడిచేవారు. పిల్లలు దానికి 'మేడమ్ రైడింగ్' అని పేరు పెట్టారు. ఫోన్లు పట్టుకోవడానికి వస్తున్నారని భయపడి దాచుకునేవారు. ఆమె ఫోన్లను చూడలేదు. ఎవరు ఒంటరిగా కూర్చున్నారు, ఎవరి బాక్సు మూత తియ్యకుండానే సంచీలోకి వెళ్ళిపోయింది, నిన్నటిదాకా పక్కవాడి ఆవకాయ లాక్కున్న పిల్లవాడు ఇవాళ ఎందుకు గోడ చూస్తున్నాడు, ఇవీ ఆమె చూసినవి. స్టాఫ్‌రూమ్‌కి వచ్చి ఎవరో ఒకరితో అనేవారు: "మీ సెకండియర్‌లో ఒక సంచి మిగిలిందండి. కాస్త పలకరించండి."

మేము నవ్వేవాళ్ళం. పలకరించేవాళ్ళం కూడా. చాలాసార్లు అది పరీక్ష భయమో, స్నేహితుల మధ్య అలకో అయ్యేది. ఒక్కోసారి కాదు. అలాంటి ఒకటి ఇక్కడ రాస్తున్నాను. హర్షిణి, ఆమె నాన్నగారు జగ్గారావు గారు, ఆండాళ్ళు గారి తమ్ముడు శరత్‌చంద్ర గారు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు మార్చమంటావా అమ్మా అని హర్షిణిని అడిగాను. "జ్వరమొచ్చినోళ్ళ పేరు మారుస్తారా సార్?" అంది. మార్చలేదు.

2022వ సంవత్సరం, వర్షాలు వెనకపట్టిన రోజులు. ప్రయోగశాలలో కిటికీ పక్కన గాజు తొట్టె, అందులో శీలావతి చేపపిల్లలు. తొట్టెలో నీళ్ళు ఉన్నట్టుండి తెల్లగా మబ్బు పట్టాయి. అటెండరు జోసెఫ్ గారు నీళ్ళు మార్చారు. వారం తిరక్కుండా మళ్ళీ మబ్బు. గాలి మోటారు బాగుంది. కుళాయి నీళ్ళు బాగున్నాయి. ఆండాళ్ళు గారు చేతి జల్లెడతో తొట్టె అడుగు దేవారు. జల్లెడలో అన్నం మెతుకులు వచ్చాయి.

"జోసెఫ్ గారూ, చేపలకి పెరుగన్నం పెడుతున్నారా ఏమిటండీ?"

"నాకే చాలట్లేదండి మేడమ్. వాటికేం పెడతాను?"

ఆమె నవ్వలేదు. ఒకచోట మేత ఎక్కువైందంటే ఇంకొకచోట సంచి మిగిలిందన్నమాట. మర్నాడు మధ్యాహ్నం వరండాకు వెళ్ళకుండా, క్యారియరు పట్టుకుని తొట్టె పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నారు. కాసేపటికి తలుపు తోసుకుని బాక్సుతో హర్షిణి వచ్చింది.

గణపవరం బస్సులో వచ్చే పిల్ల. ఆక్వా రెండో సంవత్సరం. పందొమ్మిదేళ్ళు. మొదటి ఏడాది ఈ అమ్మాయి నవ్వు నా చరిత్ర తరగతిలోకి గోడ దాటి వచ్చేది. బస్సులో కిటికీ సీటు కోసం రోజూ కొట్లాట పెట్టుకునేదని పిల్లలే చెప్పేవారు. ఆ సంవత్సరం మాత్రం కిటికీ సీటు ఖాళీగా ఉన్నా వెళ్ళి నిలబడేదట.

"కూర్చోమ్మా. మా తమ్ముడి చేతి పులిహోర. నువ్వు తిను. వాటికి మాత్రం వెయ్యకు, అరగదు."

హర్షిణి నవ్వలేదు. బాక్సు రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడింది. "తినకపోతే మామ్మ తిడతదండి. పారేస్తే పాపం కదండీ. అందుకని..." అని ఆగింది. తరువాత చాలా మామూలుగా చెప్పింది. "నాకేం అనిపించట్లేదు మేడమ్. ఏడుపు కూడా రావట్లేదు. వినాయక చవితి కాణ్ణించీ ఇంతే."

ఆండాళ్ళు గారు ప్రశ్నలు వేయలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, గంట మోగినా తరగతికి వెళ్ళకుండా, ఆ అమ్మాయి లేచేదాకా కూర్చున్నారు. సాయంత్రం ఇంటికి ఫోను చేసి తండ్రిని రమ్మన్నారు.

సోమవారం జగ్గారావు గారు వచ్చారు. వెంట ఆయన తల్లి వీరరాఘవమ్మ గారు. వెనక హర్షిణి. స్టాఫ్‌రూమ్‌లో ఆండాళ్ళు గారు, పేపర్లు దిద్దుకుంటూ నేను. జగ్గారావు గారు కూర్చోకుండానే అన్నారు:

"మాకు టీసీ ఇప్పించండి మేడమ్ గారూ. దీనికి చదువు మీద ధ్యాస లేదు. పొద్దెక్కేదాకా లేవదు. మార్కులా, అవీ పోయాయి. ఇంటి దగ్గరే ఉంటదండి."

"బద్ధకం అండీ," అని వీరరాఘవమ్మ గారు అందుకున్నారు. "దీని ఈడుకి నేను వీణ్ణి చంకనేసుకుని ఊడ్పులకెళ్ళాను. దీనికో ఫోను, ఓ ఫ్యాను. ఏం తక్కువైందండి? పైగా దిగులంట! దిగులు పడాల్సింది నేనండి, మోకాళ్ళు పోయి."

హర్షిణి గుమ్మం దగ్గర నేల చూస్తూ నిలబడింది. టీసీ ఇస్తే ఆ పిల్ల ఇంట్లో, ఆ మాటల మధ్య, ఒక మూల కూర్చుండిపోతుంది. ఇక అడిగేవారుండరు.

ఆండాళ్ళు గారు కుర్చీలు జరిపారు. "కూర్చోండి పిన్నిగారూ, మోకాళ్ళన్నారు కదా. జగ్గారావు గారూ, చెరువు ఎలా ఉందండి?"

"బాగుందండి. బొచ్చె కేజీ దాటింది."

"పొద్దున సంచులు చూశారా?"

"చూడకుండా ఎట్లా వస్తానండీ?"

"మిగిలి ఉంటేనో?"

"మిగిలితే ఇక్కడెందుకుంటానండి? నీళ్ళు పట్టుకుని మీ ల్యాబు ముందుండనూ?"

"చేపకి బద్ధకం చేసిందేమో అనుకోరా?"

జగ్గారావు గారు పెద్దగా నవ్వారు. "చేపకి బద్ధకమేంటండీ మేడమ్..." అంటూనే ఆగిపోయారు. కూతురి వైపు చూశారు. కాని ఆయన అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కారు.

"చేపకి నోరు లేదండి. దీనికుంది. ఫలానా అని చెప్పొచ్చు కదా?"

న్యాయమైన ప్రశ్న. ఆండాళ్ళు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ముప్పై ఏళ్ళ సాహచర్యంలో మాలో ఎవరికీ చెప్పని మాట ఆ రోజు ఒక చేపల రైతుకు చెప్పారు.

"మా తమ్ముడు శరత్‌కి నోరు లేకపోవడం కాదండి, మంత్రాలన్నీ నోటికే వచ్చు. ఇరవయ్యో ఏట ఉన్నట్టుండి తిండి తగ్గించాడు. మాట తగ్గించాడు. కాలేజీ మానేసి అరుగు మీద చాపేసుకుని కూర్చున్నాడు. దేని మీదా ఇష్టం లేదు. మా ఇంట్లో ఏమనుకున్నామో తెలుసా? వైరాగ్యం అనుకున్నాం."

"వైరాగ్యమా అండీ?"

"ఈ వయసుకే వైరాగ్యం వచ్చిందని మా నాన్నగారు మురిసిపోయారు. పుళ్ళ నుంచి, చేబ్రోలు నుంచి జనం పళ్ళు పట్టుకుని వచ్చి వాడికి దండం పెట్టి వెళ్ళేవారు. వాడు కళ్ళెత్తి చూసేవాడు కాదు. అదీ గొప్పే అనుకున్నాం. అలా ఏళ్ళు గడిచిపోయాయి. ఒకసారి చుట్టాల పెళ్ళిలో ఒక డాక్టరు గారు పక్కన కూర్చుని వాణ్ణి ఒకే ఒక్క మాట అడిగారు. ఆకలేస్తుందా నాయనా అని. తెలియదండీ అని చెప్పి వాడు భోరున ఏడ్చాడు. ఆయన మా నాన్నగారితో ఏమన్నారంటే, వైరాగ్యం ఉన్నవాడు కోరికని కాదంటాడండి, ఈ అబ్బాయికి కాదనడానికి కోరికే లేదు, ఇది జబ్బు, దీనికి మందుంది అన్నారు."

"ఇరవై ఏళ్ళకా అండీ?" అన్నారు జగ్గారావు గారు నెమ్మదిగా. "అది పెద్దోళ్ళకి కదండీ వచ్చేది? బాధ్యతలు మీద పడి, దెబ్బలు తిన్నాక?"

"నేనూ అలాగే అనుకున్నానండి. ఏ వయసులోనైనా రావచ్చట. కాని ఎక్కువమందికి మొదటిసారి వచ్చేది పడుచు వయసులోనేనట. పదిహేడూ పద్దెనిమిదీ మొదలుకుని ఇరవైల నడుమ దాకా. సరిగ్గా మా కాలేజీ వయసు. మనమేమో ఈ వయసుకి రాదని గట్టిగా నమ్మి, దానికి ఇంకో పేరు పెడతాం. మా ఇంట్లో వైరాగ్యం అన్నాం. మీ ఇంట్లో బద్ధకం అంటున్నారు. మేము దండాలు పెట్టాం, మీరు తిడుతున్నారు. పిల్లలకి మాత్రం రెండూ ఒకటేనండి. ఎవరూ నీళ్ళు చూడట్లేదు."

జగ్గారావు గారు లేచారు. టీసీ మాట మళ్ళీ ఎత్తుతారని నేను అనుకున్నాను. ఆయన గుమ్మం దాకా నడిచి కూతురి ముందు నిలబడ్డారు. ఆ మనిషికి అలా అడగడం అలవాటు లేదని గొంతే చెప్పింది.

"ఆకలేత్తందా అమ్మా?"

హర్షిణి తల ఎత్తింది. "తెలీట్లేదు నాన్నా," అంది. అని తండ్రి చొక్కా పట్టుకుంది. చవితి నుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

అంతవరకూ కుర్చీలో బిగుసుకుని కూర్చున్న వీరరాఘవమ్మ గారు కొంగుతో ముక్కు తుడుచుకుని, మోకాళ్ళ మీద చేతులు వేసి లేచారు. "డాక్టరు దగ్గరికి ఏలూరు బస్సు ఎన్నింటికండి మేడమ్ గారూ?" అని అడిగారు. అడిగి కొడుకు మీద విరుచుకుపడ్డారు. "చూస్తావేంటి రా? చేపకైతే ఈపాటికి పరుగెత్తేవోడివి కాదూ!"

బస్సు అక్కర్లేకపోయింది. జోసెఫ్ గారు స్టేషనుకు ఆటో పిలుచుకొచ్చారు. ఆండాళ్ళు గారు ఆ మధ్యాహ్నం సెలవు పెట్టి, వారితోపాటే ఏలూరు రైలెక్కి, డాక్టర్ నాగశ్రీ గారి దగ్గరకు తీసుకువెళ్ళారు. డాక్టరు గారు హర్షిణితో విడిగా చాలాసేపు మాట్లాడారు. మందులు రాశారు, వారం వారం వచ్చి మాట్లాడమన్నారు. ఇది వెంటనే తగ్గదు, మధ్యలో మానకూడదు, ఇంట్లో ఒంటరిగా వదలకూడదు అని పెద్దవాళ్ళకు విడమరచి చెప్పారు.

నిజంగానే వెంటనే తగ్గలేదు. మందులు మొదలుపెట్టిన కొత్తలో నిద్ర తప్ప మార్పు లేదు. ఊళ్ళో ఎవరో 'పిచ్చి డాక్టరు దగ్గరికి తిప్పుతున్నారంట' అన్నారు. "నా మోకాళ్ళకి డాక్టరున్నాడు, మా పిల్ల మనసుకి ఉండకూడదా?" అని వీరరాఘవమ్మ గారు వీధిలోనే అడిగారట. ఆ సెమిస్టరు పోయింది. పోతే పోయిందని ఆండాళ్ళు గారే ధైర్యం చెప్పారు. రోజూ మధ్యాహ్నం ఇద్దరూ తొట్టె దగ్గర కూర్చునేవారు. కొన్నాళ్ళు హర్షిణి రెండు ముద్దలు తినేది, కొన్నాళ్ళు అదీ లేదు. ఆమె ఎప్పుడూ 'ఇంకొంచెం తిను' అనలేదు. పక్కన తాను తింటూ కూర్చునేవారు.

సంక్రాంతి సెలవులు అయిపోయి కాలేజీ తెరిచాక ఒక ఉదయం స్టాఫ్‌రూమ్‌లో ఆమె ఫోను మోగింది. చేతికి సుద్ద ఉంటే స్పీకరులో పెట్టారు. జగ్గారావు గారి గొంతు గట్టు మీది గాలిలో కేకలా వినిపించింది.

"మేడమ్ గారూ! సంచి ఖాళీ అండీ!"

"ఏ చెరువులోనండీ?" అన్నాను నేను పక్క నుంచి.

"చెరువు కాదండి సార్, మా ఇంట్లో! రాత్రి ఇంకో గరిటె వెయ్యమని అడిగి వేయించుకుంది. పొద్దున బస్సులో కిటికీ సీటు కోసం ఎవరితోనో కొట్లాడిందంట, కండక్టరు చెప్పాడు!"

ఫిర్యాదుగా చెప్పాల్సిన మాటను అంత సంబరంగా చెప్పిన తండ్రిని నేను ఇంకొకరిని చూడలేదు. ఆండాళ్ళు గారు "మంచిదండి" అని మాత్రం అని, సుద్ద చేత్తోనే కళ్ళు తుడుచుకుని తరగతికి వెళ్ళారు. ఆ రోజు పిల్లలు ఆమె ముఖం మీది తెల్లటి గీత చూసి నవ్వినా ఆమె తుడుచుకోలేదట.

ఆ ఏడాది నుంచి మన కళాశాలలో ఒక ఆనవాయితీ ఏర్పడింది. కొత్తగా చేరిన పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో ఫీజులూ హాజరూ అయ్యాక ఆండాళ్ళు గారు లేచేవారు. మీ పిల్లలు ఒక జబ్బు మొదటిసారి పలకరించే వయసులో మా దగ్గరకు వచ్చారు, అందరికీ రాదు, వస్తే మాత్రం దానికి వేరే పేరు పెట్టకండి అని చెప్పి కూర్చునేవారు. కొందరు విసుక్కున్నారు. కొందరు సమావేశం అయ్యాక ఆమె వెంట వరండా దాకా వచ్చి గొంతు తగ్గించి మాట్లాడారు. ఆ గొంతులు ఏలూరు దాకా వెళ్ళి, తిరిగి వచ్చి, ఇవాళ ఈ సభలో కుర్చీల్లో కూర్చుని ఉన్నాయి. వారెవరో నేను చెప్పను.

హర్షిణి ఒక ఏడాది ఆలస్యంగా డిగ్రీ పూర్తి చేసింది. ఇప్పుడు గణపవరంలో నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తున్నది. మధ్యలో ఒకసారి మళ్ళీ కాస్త బరువుగా అనిపిస్తే తనంతట తనే ఏలూరు వెళ్ళి వచ్చింది. వాళ్ళ నాన్నగారు కూడా నీళ్ళ సీసా పట్టుకుని వరుసలోనే నిలబడాలట, కూతురని మినహాయింపు లేదట. శరత్‌చంద్ర గారు ఏలూరులో అర్చకత్వం చేస్తూ, అక్కగారికి క్యారియరు కట్టి, రోజూ స్టేషనులో దింపి, సాయంత్రం తీసుకువెళ్ళేవారు. ఆ పులిహోరలో మా అందరికీ వాటా ఉండేది. నేటి విందులో పులిహోర ఆయన చేసిందే. పోగొట్టుకున్న ఆ ఏళ్ళ గురించి రాయమంటారా అని అడిగితే, "రాయండి. అప్పట్లో నాకు దండం పెట్టినవాళ్ళలో ఎవరైనా చదివితే పళ్ళు వెనక్కి అడుగుతారేమో, అదొక్కటే భయం" అన్నారు.

ఆండాళ్ళు గారూ! రేపటి నుంచి వరండా మేము చూస్తాము. మీ అంత బాగా చూడలేకపోవచ్చు, కాని ఏ బాక్సు మూత తెరుచుకోలేదో గమనించడం మీ దగ్గర నేర్చుకున్నాము. తొట్టె పక్కన స్టూలు తీయవద్దని జోసెఫ్ గారికి చెప్పాము. మీ కుటుంబ సభ్యుల ప్రేమాదరాల నడుమ, చల్లని ఆరోగ్యంతో, నిండైన ఆయుష్షుతో, మనసుకు నచ్చిన పనులతో మీ శేష జీవితం సాగాలని సహోద్యోగులందరి తరఫునా కోరుకుంటున్నాము. బయటివారికి ఇది వింత దీవెనగా తోచవచ్చు. మీకు అర్థమవుతుంది.

నిండు నూరేళ్ళూ, పూట పూటా, మీ సంచి ఖాళీ కావాలి.

— పాండురంగారావు, చరిత్ర శాఖ